స్టేజీ సరే, వినేవాళ్ళ మాటేమిటి?

డెల్టాలో ఒక ఊరి పార్కులో కట్టబోయే ఓపెన్ ఎయిర్ థియేటరు బొమ్మ ఈమధ్య వాట్సాప్‌లో తిరుగుతోంది. చూడ్డానికి బాగానే ఉంది. విచ్చుకున్న తామర రేకుల్లా కాంక్రీటు చిప్ప, దాని కింద గుండ్రటి అరుగు, అటూ ఇటూ వీణా మృదంగం పట్టుకున్న సిమెంటు బొమ్మలు, ముందంతా పేవర్ టైల్స్ పరిచిన ఖాళీ జాగా. రంగు లైట్లు సరేసరి. శిలాఫలకానికి కూడా చోటు చూపించారు. జనం ఎక్కడ కూర్చుంటారో, ఎటు తిరిగి కూర్చుంటారో, అయిదో వరసలో ఉన్నవాడికి ఏం వినిపిస్తుందో మాత్రం ఆ బొమ్మలో ఎక్కడా లేదు.

2027లో గోదావరి పుష్కరాలు. పుష్కరాలంటే ఘాట్లతో పాటు పార్కులకూ రంగులు పడతాయి కాబట్టి ఇలాంటి బొమ్మలు ఇంకొన్ని చూస్తాం. అందుకే ఇప్పుడే చెప్పడం. ఆరుబయట కచేరీ స్థలం కట్టేటప్పుడు వేదిక మీద పెట్టే ఖర్చు ఆఖరిది కావాలి. మొదట నేల, తర్వాత వెనక గోడ, తర్వాత కరెంటు. ఈ మూడూ సరిగ్గా కుదిరితే పైన చిప్ప లేకపోయినా పాట వినిపిస్తుంది. కుదరకపోతే ఎంత అందమైన చిప్ప వేసినా అది ఉపన్యాసాలకే పనికొస్తుంది. మన పట్టణాల్లో పార్కు స్టేజీలు చాలావరకు సన్మానాలకూ సభలకూ మిగిలిపోవడానికి టీవీ, సెల్‌ఫోను కారణమని అందరూ అంటారు. కొంత నిజమే. కానీ అవి మొదట్నుంచీ మాట్లాడేవాళ్ళ కోసం కట్టినవి, వినేవాళ్ళ కోసం కట్టినవి కావు.

మైకు లేని రోజుల్లో

పార్కులనేవి రాకముందే ఆరుబయట పాట ఉంది. కూచిపూడి వాళ్ళు వీధిలో ఆడితే ఇద్దరు పట్టుకున్న తెర, రెండు దివిటీలు, పాత్ర ప్రవేశించే ముందు దివిటీ మీద చల్లే గుప్పెడు గుగ్గిలం. సామాను అంతే. హరిదాసుకైతే కాళ్ళ గజ్జెలు, చేతిలో చిడతలు, పక్కన మృదంగం, నెత్తిన తాటాకు పందిరి. ఆ సామానుతోనే ఊరంతా వినేది. ఎలా వినేదన్నది లెక్క వేసుకుంటే ఇప్పటి కట్టడాల్లో తప్పెక్కడో తెలిసిపోతుంది.

గోడలూ కప్పూ లేనిచోట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. గొంతెత్తి పాడే మనిషి శబ్దం మీటరు దూరంలో 85 అనుకుందాం. 32 మీటర్ల దగ్గర అది 55కి దిగుతుంది. అంటే ఇద్దరు నెమ్మదిగా మాట్లాడుకున్నంత. రాత్రి ఊరు సద్దుమణిగితే ఆ 55 హాయిగా వినిపిస్తుంది. ఇప్పుడు పార్కు చుట్టూ తిరిగే బైకుల మోతే అంతకంటే ఎక్కువుంటుంది. అందుచేత మైకు లేకుండా పాడే మనిషికి హద్దు సుమారు వంద అడుగులు. ఆ వంద అడుగుల్ని పూర్తిగా వాడుకోవడానికే పద్యనాటకం వాళ్ళు అయిదు, ఆరు శ్రుతుల్లో, అంటే బాగా పై స్థాయిలో పాడేవారు. మనిషి చెవి పై స్థాయి శబ్దాలను బాగా పట్టుకుంటుంది, కింది స్థాయివి దూరంతో పాటు చెవికి ఆనకుండా పోతాయి. కాలు హార్మోనియం గట్టిగా మోగేదీ, హరిదాసు చిడతలు చురుగ్గా వినిపించేదీ ఇందుకే. అలంకారం కోసం పెట్టుకున్నవి కావు అవి.

నాటకం రాత్రి పదింటికి మొదలవడానికి పొలం పనులు ఒక కారణం. ఇంకో కారణం గాలిలో ఉంది. పొద్దుగూకాక నేల త్వరగా చల్లబడుతుంది, పై గాలి ఇంకా వెచ్చగా ఉంటుంది. అప్పుడు శబ్దం పైకి పోకుండా కిందికి వంగి ప్రయాణిస్తుంది. పక్క ఊరి తీర్థం మైకు పగలు వినిపించకుండా రాత్రి మాత్రం గుమ్మంలో ఉన్నట్టు వినిపించేది ఇందువల్లే.

1880 ప్రాంతాల్లో ధార్వాడ నాటక సమాజం వచ్చి వెళ్ళాక, రాజమండ్రిలో కందుకూరి నాటకాలు ఆడించడం మొదలుపెట్టాక, పట్టణాల్లో నాటకం నెమ్మదిగా పాకల్లోకీ హాళ్ళలోకీ వెళ్ళిపోయింది. ఎస్వీ రంగారావు, అంజలీదేవి వేషాలు వేసిన కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటికి పట్టణ నాటకమంటే తెర, వింగులు, టిక్కెట్టు. ఆరుబయట మిగిలింది జాతరా, తీర్థమూ. ఆ తర్వాతే మున్సిపల్ పార్కు వచ్చింది.

రేడియో గది

మా వైపు పార్కుల్లో రోజూ కచేరీ పెట్టింది మనుషులు కాదు, రేడియో. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. పార్కు మధ్యలో చిన్న గది, గదిలో రేడియో, గది నెత్తిన గొట్టం స్పీకరు. సాయంత్రం వార్తలు వినడానికి వచ్చినవాళ్ళు గడ్డిలో కూర్చుని పాటలూ వినే వెళ్ళేవారు. సంకరగుప్తంలో 1930లో పుట్టిన బాలమురళీకృష్ణ, ద్రాక్షారామంలో 1922లో పుట్టిన ఈమని శంకరశాస్త్రి, కాకినాడలో 1936లో పుట్టిన చిట్టిబాబు... ముగ్గురూ డెల్టా వాళ్ళే. ఇంట్లో రేడియో లేనివాడికి వాళ్ళ పాటా వీణా చేరాలంటే ఇలాంటి గొట్టమే దిక్కు.

అక్కడ వేదిక లేదు. పాడే మనిషి లేడు. అయినా అది కచేరీ స్థలమే. ఎందుకంటే శబ్దం వినేవాళ్ళ మధ్య నుంచి వచ్చేది, వినేవాళ్ళు గడ్డి మీద కూర్చునేవారు, సాయంత్రం గాలి వీచే వేళకి మొదలయ్యేది. ఇప్పుడు కట్టే స్టేజీల్లో ఈ మూడూ పోయాయి.

దాన్ని మరీ ఆకాశానికి ఎత్తకూడదు లెండి. గొట్టం స్పీకరు మాటకు తయారైంది, పాటకు కాదు. 300 హెర్ట్జ్ కంటే కింది స్థాయి శబ్దాలు అందులో దాదాపు పలకవు. మృదంగం ఎడమవైపు మోతంతా ఆ కింది భాగంలోనే ఉంటుంది కాబట్టి పార్కు రేడియోలో మృదంగం సగమే వినిపించేది. వీణ మంద్రమూ అంతే. వార్తలకు మాత్రం అంత స్పష్టమైనది ఇప్పటికీ రాలేదు.

అసలు చిక్కు ఆ గొట్టం స్టేజీ మీదికి ఎక్కాక వచ్చింది. నాటకానికి ఒకటే మైకు, అదీ స్టేజీ ముందు నడిమధ్య. అందుకని వేషధారులంతా వచ్చి దాని ముందు వరసగా నిలబడేవారు. కృష్ణుడు పద్యం అందుకుంటే అర్జునుడు అర అడుగు జరిగి చోటివ్వాలి. అర్జునుడి వంతు వస్తే కిరీటం తగలకుండా కృష్ణుడు తల పక్కకు తిప్పుకోవాలి. యుద్ధం కూడా ఆ మూడడుగుల్లోనే. కదలడం పోయింది, ముందుకొచ్చి చెప్పడం మిగిలింది. మాట్లాడేవాడి కోసం కట్టిన అరుగు మీద నటుడు కూడా ఉపన్యాసకుడైపోయాడు.

గుండ్రటి మోజు

పార్కులో కచేరీకి కట్టడం అనే ఆలోచన బ్యాండుస్టాండుతో మన దేశానికి వచ్చింది. బెంగుళూరు కబ్బన్ పార్కులో ఒకటి ఇప్పటికీ ఉంది. ఎనిమిది పలకల అరుగు, చుట్టూ స్తంభాలు, పైన కప్పు. దొరల మిలిటరీ బ్యాండుకు అది చక్కగా సరిపోయింది. ఇత్తడి వాయిద్యాల మోత గట్టిది, జనం చుట్టూ నడుస్తూ వింటారు. దాన్నే హరికథకు పెడితే సగం మందికి దాసు వీపే కనిపిస్తుంది. మనిషి గొంతు ముందుకు పోతుంది, వెనక్కి పోయేది చాలా తక్కువ, అందులోనూ అక్షరాలను విడదీసి చెప్పే పై స్థాయి శబ్దాలే తగ్గిపోతాయి. వెనక కూర్చున్నవాడికి రాగం అందుతుంది, మాట అందదు. హరికథలో మాట అందకపోతే ఇంకేం మిగిలినట్టు?

ఆ తర్వాత చిప్ప. దీనికి పెద్దన్న అమెరికాలోని హాలీవుడ్ బౌల్. 1922లో మొదలైంది. 1926 నుంచి 1929 దాకా ఏటా ఒక కొత్త చిప్ప కట్టారు. వాటిలో 1928 నాటిది చెక్కది, వానకు తడిసి పాడైంది. 1929లో కట్టినది మాత్రం 2003 దాకా నిలబడింది. కానీ దాని గుండ్రటి లోపలి తలం వల్ల వాయించేవాళ్ళకి ఒకరిది ఒకరికి సరిగా వినపడేది కాదు. లోపలికి వంగిన గోడ శబ్దాన్ని అందరికీ పంచదు, పోగుచేసి ఒకచోట పోస్తుంది. దాన్ని చెదరగొట్టడానికి ఆర్కిటెక్టు ఫ్రాంక్ గెరీ 1970లో లావుపాటి అట్టగొట్టాలు నిలబెట్టాడు, 1980లో ఫైబర్‌గ్లాస్ బంతులు వేలాడదీశాడు. 2004లో మొత్తం చిప్పనే మార్చారు. ఎనభై ఏళ్ళపాటు డబ్బూ నిపుణులూ ఉన్న ఊరికే చిప్ప అంత తలనొప్పి తెచ్చిపెట్టింది. మనం అదే చిప్పను తామర పువ్వు పేరుతో ఒక ఇంజనీరు డ్రాయింగు మీద, ఒక వేసవిలో పోసేస్తాం.

అదే గెరీ 2004లో చికాగో మిలీనియం పార్కులో కట్టిన కచేరీ స్థలం నాకు ఎక్కువ నచ్చుతుంది, స్టేజీ చుట్టూ ఉన్న ఉక్కు రేకుల అలంకారం కాదు, గడ్డి మీద వేసిన ఉక్కు పందిరి. 600 అడుగుల పొడవు, 300 అడుగుల వెడల్పు. దానికి స్పీకర్లు కట్టారు. ముందు 4000 కుర్చీలు, వెనక గడ్డి మీద 7000 మంది. వెనకవాళ్ళకి వాళ్ళ నెత్తి మీది నుంచే చిన్నగా, శుభ్రంగా వినిపిస్తుంది. అంటే వాళ్ళు వెనక వినేవాళ్ళ మీద కూడా డబ్బు పెట్టారు. మన పార్కు రేడియో గొట్టం చేసిందీ అదే పని, పేదవాడి లెక్కలో.

పల్లపు నేల

ఇప్పుడు మన సొంత కష్టం. డెల్టా చదునుగా ఉంటుంది, నీళ్ళు చేతికందేంత లోతులో ఉంటాయి. ఓపెన్ ఎయిర్ థియేటరనగానే బొమ్మ గీసేవాళ్ళు గుంట తీసి మెట్లు కడతారు. రాతినేల ఉన్న ఊళ్ళకి అది బాగుంటుంది. ఇక్కడ కాలువలు పారే రోజుల్లో నాలుగైదు అడుగులు తవ్వితే ఊట. గుంట థియేటరు ఆశ్వయుజంలో చెరువవుతుంది, కార్తీకంలో దోమల ఫ్యాక్టరీ అవుతుంది. పంపు పెట్టి తోడుతూ ఎన్నాళ్ళు నడుపుతారు?

కాబట్టి తవ్వకూడదు, మెరక చేయాలి. వెనక వరస వాడికి ముందువాడి తల అడ్డురాకుండా ఉండాలంటే పదికి ఒకటి చొప్పున వాలు చాలు. 25 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న జాగాకు వెనక రెండున్నర మీటర్ల ఎత్తు వస్తుంది. సగటున మీటరుంపావు, అంటే 625 ఘనపు మీటర్ల మట్టి. ట్రాక్టరు తొట్టికి మూడు ఘనపు మీటర్లు వేసుకున్నా 200 పైచిలుకు ట్రక్కులు. అణిచాక దిగుతుంది కాబట్టి ఇంకో పాతిక శాతం కలుపుకోవాలి. వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీసినప్పుడు ఈ మట్టి దగ్గర్లోనే దొరుకుతుంది. ఉత్త బంకమన్ను అయితే ఎండకి పగుళ్ళిస్తుంది, వానకి ఉబ్బుతుంది. అడుగున బంకమన్ను, పైన అడుగు మందాన ఇసుక కలిసిన ఒండ్రు వేయాలి. పొర పొరకీ నీళ్ళు కొట్టి రోలరు తిప్పాలి, పొర తొమ్మిది అంగుళాలు మించకూడదు. ఒకేసారి కుమ్మరించి పైపైన చదును చేస్తే రెండు వానలకి మధ్యలో కుంగుతుంది.

వాలు వేశాక నీళ్ళన్నీ స్టేజీ కాళ్ళ దగ్గరికి వస్తాయి. అక్కడ అడుగున్నర వెడల్పు డ్రైను, పైన జాలీ పలకలు, 200కి ఒకటి వాలు. ఇది అందరూ వేస్తారు. మరిచిపోయేది ఆ డ్రైను ఎక్కడ కలుస్తుందన్నది. ఊరి మురుగు కాలువ నిండితే నీళ్ళు వెనక్కి తంతాయి. కాబట్టి స్టేజీ ముందు నేల మట్టం మురుగు కాలువ నిండు మట్టానికి కనీసం అడుగు పైన ఉండాలి. లెవెల్ చూడకుండా కట్టిన చోట మొదటి వాయుగుండానికే కింద పరిచిన కేబుళ్ళు నీళ్ళలో ఉంటాయి.

టైల్స్ వద్దు. ఏప్రిల్‌లో రాత్రి ఏడైనా టైల్స్ వేడి తగ్గదు. ప్లాస్టిక్ కుర్చీ జరిపితే టైలు మీద కీచుమంటుంది. మూడొందల కుర్చీలుంటే ప్రతి కీర్తన మధ్యా ఎవరో ఒకరు జరుగుతూనే ఉంటారు. గరిక వేస్తే కుర్చీ చప్పుడు ఉండదు, వేడి ఉండదు. అమలాపురం, నరసాపురం వైపు భూగర్భజలం ఉప్పెక్కిన చోట కూడా గరిక నిలబడుతుంది, నర్సరీల్లో అమ్మే షోకు లాను ఎండిపోతుంది.

ఇక దిక్కు. సాయంత్రం మొదలయ్యే కార్యక్రమానికి తూర్పు పడమరలు రెండూ ఇబ్బందే, ఎవరో ఒకరి కళ్ళల్లో ఎండ పడుతుంది. స్టేజీ దక్షిణాన ఉండి ఉత్తరానికి చూడాలి. మనకి కచేరీల కాలం సంక్రాంతి నుంచి శ్రీరామనవమి దాటేదాకా. ఎండలు ముదిరేకొద్దీ సాయంత్రం పైరగాలి దక్షిణం నుంచి వస్తుంది. గాలి పాడేవాడి వీపు వైపు నుంచి జనం వైపు వీస్తే శబ్దం జనం మీదికి వంగుతుంది, వెనక గోడ అడ్డుంటుంది కాబట్టి మైకులో బుస్సుమనే మోత రాదు. ఉత్తరముఖం గనక వాస్తు చూసేవాళ్ళు కూడా పేచీ పెట్టరు, అదొక లాభం. జరిగేదేమిటంటే, గేటు ఎటుంటే స్టేజీ అటు చూస్తుంది. కారు దిగిన ముఖ్య అతిథి నేరుగా నడిచొచ్చి ఎక్కాలి కదా.

గోడ, అరుగు, దీపం

వెనక గోడ తొమ్మిది అంగుళాల ఇటుక, గట్టి పూత, 30 అడుగుల వెడల్పు, 12 నుంచి 14 అడుగుల ఎత్తు. పక్క గోడలు జనం వైపు కాస్త విచ్చుకుని ఉండాలి. గుండ్రం వద్దు. పాడే మనిషి గోడకి పది అడుగుల లోపు ఉంటే గోడ నుంచి తిరిగొచ్చే శబ్దం 20 మిల్లీసెకండ్ల లోపే వచ్చి అసలు శబ్దంలో కలిసిపోతుంది, గొంతు బలం పెరిగినట్టుంటుంది. అదే 50 మిల్లీసెకండ్లు దాటితే రెండో మాటలా వినిపిస్తుంది. పార్కు ఎదురుగా అపార్టుమెంటు లేచిందనుకోండి. స్టేజీకి 40 మీటర్ల దూరంలో దాని గోడ ఉంటే పాట తిరిగి రావడానికి పావు సెకండు. మృదంగం వాయించేవాడికి తన దెబ్బ తనకే తప్పు తాళంలో వినిపిస్తుంది. స్థలం ఖాయం చేసే ముందు రాత్రిపూట అక్కడ నిలబడి గట్టిగా ఒక చప్పట కొడితే చాలు, తిరిగొచ్చేది స్పష్టంగా తెలుస్తుంది. ఇంతకన్నా చవకైన పరీక్ష లేదు, ఎవరూ చేయరు.

శిల్పాల సరదా ఉంటే ఈ గోడ మీద తీర్చుకోవచ్చు. ఎత్తుపల్లాల చెక్కడం శబ్దాన్ని చెదరగొడుతుంది, నున్నటి గోడకంటే మంచిదే. స్టేజీకి అటూ ఇటూ నిలబెట్టిన సిమెంటు వీణలు మాత్రం చివరి కుర్చీల వాళ్ళకి అడ్డం తప్ప ఎందుకూ కొరగావు.

అరుగు ఎత్తు వాలు నేలకు రెండున్నర అడుగులు చాలు, చదును నేల మీద కుర్చీలైతే నాలుగు కావాలి. గ్రానైట్ పరిస్తే కూచిపూడి పిల్లల మోకాళ్ళు పోతాయి, చెమట పడితే జారతారు కూడా. ఉత్త సిమెంటు అరుగు ఉంచి, నాట్యం ఉన్న రోజున రెండంగుళాల చెక్క రీపర్లు అడుగుకొకటి పరిచి, కింద రబ్బరు ముక్కలు పెట్టి, 19 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ వేసుకోవాలి. మర్నాడు తీసి గదిలో పెట్టాలి. బయట వదిలేస్తే ఒక్క వానాకాలానికి పొరలు లేస్తాయి.

దీపాల దగ్గర డెల్టాకు ప్రత్యేకమైన బాధ ఒకటుంది. చుట్టూ వరి చేలు. కోతల ముందు పచ్చదోమ, సుడిదోమ దీపానికి మబ్బులా వస్తాయి. పాడేవాడు ఆలాపనకి నోరు తెరవాలంటే భయపడాలి. ఫిడేలు కమానుకి రాసిన రోజనం జిగురుకి పురుగు అంటుకుంటే తీగ జీరగా పలుకుతుంది. స్టేజీకి 40 మీటర్ల అవతల, జనానికి దూరంగా, ఎత్తున ఒక బలమైన తెల్ల దీపం చీకటి పడకముందే వెలిగించాలి. స్టేజీ మీద పసుపు రంగు దీపాలు, అవీ మొదలయ్యే ముందే. పురుగు తెల్ల వెలుగుకే ఎక్కువ పోతుంది.

ఆ స్టేజీ దీపాలు పాత రకం పార్ లైట్లయితే వీణకి ముప్పు. వీణ మెట్లు మైనం మీద నిలబడి ఉంటాయి. రెండు గంటలు నెత్తి మీద వేయి వాట్ల దీపం కాల్చితే మైనం మెత్తబడుతుంది, గమకం లాగేటప్పుడు మెట్టు వెంట్రుకవాసి పక్కకి ఒరుగుతుంది. అప్పట్నుంచి ఆ స్వరం అపస్వరమే. శ్రోతలు వాయించేవాళ్ళని అనుమానిస్తారు. ఎల్‌ఈడీలు వచ్చాక ఈ బాధ తగ్గింది. తగ్గనిది తేమ. మంచు పడే రాత్రి మృదంగం మూత సడలి శ్రుతి దిగిపోతుంది, గంటకోసారి రాయితో కొట్టి ఎక్కించుకోవాల్సిందే.

అసలు వీణ ఆరుబయట ఎందుకన్నది న్యాయమైన ప్రశ్న. దీనికి నా దగ్గర గట్టి సమాధానం లేదు. రెండొందల మంది వినే వీణ కచేరీ కాకినాడ సూర్యకళామందిరంలోనో రాజమండ్రి ఆనం కళాకేంద్రంలోనో పెట్టుకోవడమే మేలు. పార్కు హరికథకి, బుర్రకథకి, సన్నాయికి, పద్యనాటకానికి, గరగలకి. అన్నీ అన్నిచోట్లా చేయాలనుకోవడం వల్లే ఏదీ సరిగ్గా కుదరని కట్టడాలు వస్తాయి.

కప్పు కావాలా?

కావాలనేవాళ్ళ వాదన తేలిగ్గా తీసిపారేయలేం. 2003, 2015 పుష్కరాలు వానాకాలంలోనే వచ్చాయి. వచ్చేవీ అంతే. వాన వస్తే వాయిద్యాలూ మైకులూ తడుస్తాయి. నాటకం వాళ్ళకి తెర వేలాడదీయడానికి, లైట్లు కట్టడానికి పైన ఏదో ఉండాలి. ఇవన్నీ నిజమే.

కానీ శాశ్వతంగా వేసే రేకుల కప్పు ఏం చేస్తుందో చూడండి. చినుకు పడితే ఆ మోతకి కచేరీ ఎలాగూ ఆగుతుంది. ఎండకి కాగి సాయంత్రం దాకా వేడి కక్కుతుంది. తుపానుకి లేచిపోతుంది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీదికి వచ్చిన తుపాను కొబ్బరి తోటల్నే పడుకోబెట్టింది, నాలుగు స్తంభాల మీది రేకులెంత? ముందు వైపు తెరిచి, వెనక గోడ మూసి ఉన్న కప్పుకి గాలి కిందనుంచి దూరి పైకెత్తుతుంది. దానికి తట్టుకునేలా కట్టాలంటే పునాదీ ఉక్కూ కలిపి ఖర్చు మిగతా థియేటరంతా అవుతుంది.

మధ్యేమార్గం మనకి చేతనైనదే. స్టేజీ మీద మాత్రం, వెనక గోడ నుంచి 15 అడుగుల మేర, ముందుకు లేచి ఉండే వాలు స్లాబు. దాని అడుగు భాగానికి తెరకీ లైట్లకీ ఇనప కొక్కేలు, స్లాబు పోసేటప్పుడే కడ్డీలకు కట్టి వదలాలి, తర్వాత డ్రిల్లు కొట్టి బిగించినవి బరువుకి ఊడతాయి. జనం మీద కప్పు వద్దు. గడ్డిలో పన్నెండడుగులకొకటి చొప్పున మూడంగుళాల ఇనప గొట్టాలు రెండడుగుల లోతున కాంక్రీటులో పాతి, పైన మూత పెట్టాలి. అవసరమైనప్పుడు మూత తీసి సర్వి బాదులు దించి కొబ్బరాకు పందిరి వేసుకోవచ్చు. ఆకు పందిరి కింద శబ్దం గింగురుమనదు, మెత్తగా ఉంటుంది. షామియానా గుడ్డా ఫరవాలేదు.

పార్కులో కొబ్బరిచెట్లుంటే కొట్టేయకండి. పాతిక అడుగుల దూరంలో నాటిన చెట్లు స్పీకర్లకి తయారుగా ఉన్న స్తంభాలు. కనుమనాడు కోనసీమ జగ్గన్నతోటలో ప్రభల తీర్థం కొబ్బరి చెట్ల మధ్యే కదా జరిగేది. మేకు కొట్టకుండా పట్టీ బిగించాలి, కార్యక్రమానికి ముందు దింపు తీయించి ఎండు మట్టలు లాగించాలి. రావిచెట్టు కింద మాత్రం జనాన్ని కూర్చోబెట్టొద్దు. గాలికి ఆకు గలగలమంటూనే ఉంటుంది, పైగా గోరింకలు పొద్దుపోయేదాకా గోల. ఏడింటికి ముందు మొదలుపెడితే వాటిదే పైచేయి.

వాకింగుకొచ్చేవాళ్ళు

పార్కు నడవడానికి, పాటకి కాదనేవాళ్ళున్నారు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళూ ఉన్నారు. వాళ్ళని కళాద్వేషులనడం అన్యాయం. పెళ్ళి ఊరేగింపు డీజే బాక్సుల కింద కిటికీలు అదిరిన ఇంట్లో ఉన్నవాడు పార్కులో కచేరీ అంటే భయపడడా?

చట్టం స్పష్టంగానే ఉంది. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు కూడదు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. కార్యక్రమం జరిగే స్థలం హద్దు దగ్గర శబ్దం 75 డెసిబెల్స్ మించకూడదు, లేదా ఆ ప్రాంతానికి నిబంధనల్లో పెట్టిన పరిమితికి 10 ఎక్కువ, రెండిట్లో ఏది తక్కువైతే అది. చాలామంది నిర్వాహకులు దీన్ని పోలీసుల వేధింపు అంటారు. నిజానికి స్పీకర్లు పెట్టే పద్ధతి మారిస్తే ఇందులో ఇమిడిపోవచ్చు.

స్టేజీ పక్కన రెండు పెద్ద బాక్సుల గుట్టలు పెట్టి, 35 మీటర్ల దూరంలో చివరి వరసకి 75 అందించాలంటే మీటరు దూరంలో 106 పలికించాలి. అయిదు మీటర్ల దగ్గర మొదటి వరసకి 92 తగులుతుంది, చెవులు మూసుకుంటారు. 70 మీటర్ల అవతలి ఇంటికి 69 చేరుతుంది. దీనికి బదులు స్టేజీ దగ్గర చిన్న కాలమ్ స్పీకర్లు రెండు, జనం మధ్య చెట్లకో స్తంభాలకో ఇంకో నాలుగు, ఒక్కొక్కటి పది పన్నెండు మీటర్లకే సరిపడేలా కిందికి వంచి పెడితే ఏదీ 90 దాటక్కర్లేదు. హద్దు దగ్గర 65 లోపే ఉంటుంది. మధ్య స్పీకర్లకి ఆలస్యం ఇవ్వడం మరవకూడదు. శబ్దం మీటరుకి సుమారు 3 మిల్లీసెకండ్లు తీసుకుంటుంది. 28 మీటర్ల దూరంలో ఉన్న స్పీకరుకి 80, పైన ఇంకో 10 కలిపి 90 పెడితే పాట స్టేజీ మీంచే వస్తున్నట్టు చెవి నమ్ముతుంది. ఇవ్వకపోతే వెనకవాళ్ళకి ప్రతి మాటా రెండుసార్లు. ఇప్పటి చిన్న డిజిటల్ మిక్సర్లలోనూ ఆ మీట ఉంటుంది, మైకుసెట్టు కుర్రాడు దాని జోలికి పోడు, అంతే.

మైకుకీ లైట్లకీ ఒకే ఫేజు ఇస్తే గుయ్యిమనే మోత తప్పదు. శాశ్వత మీటరు, మూడు ఫేజులు, అందులో ఒకటి శబ్దానికే, మంచి ఎర్తు గుంట. ప్రతిసారీ తాత్కాలిక కనెక్షనుకి తిరగాల్సి వస్తే చిన్న సంఘాలు పార్కు మొహం చూడవు. డిపాజిట్టుకే హరికథ ఖర్చు అయిపోతుంది. జనరేటరు తప్పదంటే ఉత్తరాన, గాలి కిందివైపు, 40 మీటర్ల అవతల.

మరి ఇన్ని చేస్తే జనం వస్తారా? వస్తారనే హామీ ఎవరూ ఇవ్వలేరు. కానీ ఏడాదికి ఇరవై సాయంత్రాలే అడగండి, మిగిలిన రోజులు ఆ వాలు గడ్డి నడిచేవాళ్ళదీ పిల్లలదీ. గడ్డి దిబ్బ ఖాళీగా ఉన్నా పార్కే, ఖాళీగా ఉన్న తామర చిప్ప మాత్రం చెత్త పోగయ్యే చోటు. ఏడింటికి మొదలైన హరికథ తొమ్మిదిన్నరకి మంగళం పాడేస్తుంది, బుర్రకథా అంతే. ఇమడనిది పద్యనాటకమే. పండగ సందర్భాలకి రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులు మించకుండా రాత్రి 12 దాకా సడలింపు ఇవ్వవచ్చు. నాటకం వాళ్ళు ఆ రోజుల్లోంచి రెండు మూడు రాత్రులు అడిగి తీసుకోవాలి, రాగం సాగదీతలు కొంచెం కత్తిరించుకోవాలి, వన్స్‌మోర్లు పద్యానికి ఒకటితో సరిపెట్టుకోవాలి.